ఐదు ఎందుకులు

నా భర్త అజాగ్రత్త మనిషి అని ఆ ఏడాది జూన్ నెలలో ఒక పెద్ద కంపెనీ కాగితం మీద అచ్చు వేసింది. ఎవరి గురించి? ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగే మనిషి గురించి. ఇది జరిగి పదకొండేళ్ళయింది. ఆ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాది జపాన్‌లో కురుమె అనే ఊరు. తొమ్మిదిమంది పనిచేసే చిన్న సంస్థ. కింద ఆఫీసు, పైన ఇల్లు. మా మామగారు గెనిచిరో దానికి యజమాని. నా భర్త తొమొహారు, నేను అందులో ఉద్యోగులం. మెట్లు దిగితే ఆయన ‘ప్రెసిడెంటు గారు’, మెట్లెక్కితే ‘మామయ్యగారు’. ఈ పిలుపులో ఒక్కరోజు తడబడినా ఆయన పలకరు.

ఆ వానాకాలం మాకు ఒక ఆసుపత్రి పని దొరికింది. నేలమాళిగలో ఉన్న పన్నెండు పాత సర్వర్లను తీసేసి, వాటి బదులు వర్చువల్ మెషీన్లు పెట్టాలి. అంటే ఒకే పెద్ద పెట్టెలో పన్నెండు మెషీన్లు కాపురం ఉంటాయి. చేత్తో ముట్టుకోవడానికి ఏదీ ఉండదు కానీ దేనికదే లేస్తుంది, దేనికదే పడుకుంటుంది. ఆసుపత్రి ఆ పనిని ఒక పెద్ద కంపెనీకి ఇచ్చింది, అది ఇంకో కంపెనీకి ఇచ్చింది, అది మాకు ఇచ్చింది. మెట్టు దిగేకొద్దీ పని పెరుగుతుంది, మర్యాద తరుగుతుంది. ఇది మా వృత్తిలో ఎవరినడిగినా చెబుతారు.

ప్రతి గురువారం పొద్దున ఐదున్నరకి రెండో మూడో మెషీన్లను కొత్త పెట్టెలో లేపాలి. ఎనిమిదిన్నరకి ఆసుపత్రి తలుపులు తెరిచి రోగులకి నంబర్లు ఇచ్చేలోపు అవి సిద్ధంగా ఉండాలి. ఏం చెయ్యాలో వరుసవారీగా రాసిన కాగితం ఒకటి ఉంటుంది. ఒకరు వరుస పైకి చదువుతారు. మీటల ముందు కూర్చున్నవాడు అదే మాట తిరిగి చెప్పి, తెర మీద ఆ చోటుకి వేలు చూపించి, “సరే!” అని అరిచి, అప్పుడు నొక్కుతాడు. మా దేశంలో రైలు నడిపేవాళ్ళు చేసినట్టే. చదవనిది నొక్కకూడదు. చదివినది నొక్కకుండా ఉండకూడదు. ఆ కాగితం రాసేది నేను. నొక్కేది తొమొహారు, ఇంకా పెద్ద కంపెనీ మనుషులు ముగ్గురు, వంతులవారీగా.

మొదటి గురువారం తొమొహారు వంతు రాలేదు, అంతా సవ్యంగా జరిగింది. రెండో గురువారం తొమొహారు తొమ్మిదింటికి ఇంటికొచ్చి, తడిసిన బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు.

“హ్యాంగయింది,” అన్నాడు.

“ఏది?”

“మందుల మెషీను. అక్షరాలు గబగబా వస్తున్నాయి, వస్తున్నాయి, ఒకచోట నిలబడిపోయాయి. అరగంట చూశాం. చలనం లేదు. కరెంటు తీసి మళ్ళీ పెడితే లేచింది.”

“ఏ వరుస దగ్గర ఆగింది?”

“డిస్కుల దగ్గర.”

సరే, డిస్కులే కదా అని నేను రోజంతా డిస్కులు చూశాను. తర్వాతి గురువారం ఇంకో మెషీను ఆగింది. ఈసారి నెట్‌వర్క్ దగ్గర. దాన్ని తిరిగి లేపితే గడియారం సరిచేసుకునే చోట ఆగింది. ఒకే రోగమైతే ఏదో ఒక మందు వెయ్యొచ్చు. మా ఆఫీసులో అవే మెషీన్ల నకళ్ళు పెట్టుకుని నేను నలభైసార్లు లేపాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు నిమిషాల్లో లేచి కూర్చునేవి.

అక్కడ మాత్రం ఆగుతూనే ఉన్నాయి. ఆగినప్పుడల్లా మొదటి వరుస నుంచి మళ్ళీ చదవాలి. ఆసుపత్రి తలుపులు తొమ్మిదింటికి, తొమ్మిదిన్నరకి తెరుచుకున్నాయి. రక్తం పరీక్ష కోసం ఏమీ తినకుండా వచ్చిన ముసలివాళ్ళు గొడుగులు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మా మామగారు గురువారం గురువారం యోకాన్ డబ్బా పట్టుకెళ్ళి పెద్ద కంపెనీ వాళ్ళకి తలవంచి వచ్చేవారు. క్షమాపణకి తేలిక మిఠాయి పనికిరాదు, చెయ్యి దిగలాగే బరువుండాలి. యోకాన్ ఇటుకలా ఉంటుంది. నాలుగో గురువారానికి మిఠాయి దుకాణం ఆవిడ, “ఈసారి పెద్ద క్షమాపణా, చిన్నదా?” అని అడిగిందట.

జూన్ ఆఖరి శుక్రవారం సాయంత్రం నేను వంటింట్లో ఉప్పులో ఊరవెయ్యడానికి ఉమె అనే పుల్లటి కాయల ముచికలు తీస్తున్నాను. మామయ్యగారు భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టి, వేలితో నావైపు తోశారు.

“చదువమ్మాయ్. నువ్వూ చదవాల్సిందే.”

పెద్ద కంపెనీకి ఒక అలవాటుంది. ఏ పొరపాటు జరిగినా ఐదు గళ్ళ కాగితం ఒకటి నింపాలి. ఎందుకు అని ఐదుసార్లు అడుగుతూ పోతే మూలకారణం దొరుకుతుందని వాళ్ళ నమ్మకం. మామూలుగా పొరపాటు చేసినవాడు నింపాలి. ఈసారి మాకు శ్రమ ఇవ్వకుండా వాళ్ళే నింపి పంపారు.

మెషీన్లు ఎందుకు ఆగాయి? ఆపరేటరు పొరపాటు వల్ల. పొరపాటు ఎందుకు జరిగింది? సరిచూసుకోకపోవడం వల్ల. ఎందుకు సరిచూసుకోలేదు? ఏకాగ్రత లోపించడం వల్ల. ఎందుకు లోపించింది? తగినంత విశ్రాంతి లేకపోవడం వల్ల. ఎందుకు లేదు? భార్య కూడా ఉద్యోగం చేస్తున్నందున ఇంటి వద్ద సంరక్షణ కొరవడడం వల్ల.

అడుగున ఇంటిపేరుతో సహా ఇసొబె తొమొహారు అని పేరు, పక్కన సంతకం బదులు సొంత ముద్ర వెయ్యడానికి గుండ్రంగా ఖాళీ.

నేను రెండుసార్లు చదివాను. చేతిలో ఉమె కాయ చితికిపోయింది.

“ఇది ఎవరు రాశారు?”

“మురోతా గారి ఆఫీసులో,” అన్నారు మామయ్యగారు. మురోతా అంటే ఆ పనికి పెద్ద కంపెనీ తరఫు మేనేజరు. “తొమ్మిదిసార్లు ఆగితే ఏడుసార్లు మీటల ముందున్నది మనవాడేనట. లెక్క కట్టి చూపించారు. నేనేం మాట్లాడను?”

“నేను ఇంట్లో ఏం చేస్తున్నానో ఏం చెయ్యట్లేదో వాళ్ళకెవరు చెప్పారు? పడకగదిలోకి కూడా వచ్చి చూశారా?”

మామయ్యగారు దగ్గారు. బల్లకి అటువైపు తొమొహారు అన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

“ముద్ర వేస్తే ఏమవుతుంది?” అని అడిగాను, తెలిసే.

“వాళ్ళ పనులు జరిగేచోట ఇక అడుగుపెట్టనివ్వరు. ఈ ఊళ్ళో సగం పనులు వాళ్ళవే. ఫుకుఒకా దాకా కూడా వాళ్ళవే.”

“వెయ్యకపోతే?”

“మన తొమ్మిదిమందినీ అడుగుపెట్టనివ్వరు.” మామయ్యగారు టీ తాగారు. “అయితే ఇప్పుడే కాదులే. ఆఖరి మెషీను అయ్యాక వేస్తే చాలన్నారు. అది వాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు కదా.”

చూశారా! వాళ్ళకి తొమొహారు అజాగ్రత్త మనిషే, కానీ రోగుల నంబర్ల మెషీను లేపడానికి ఆ అజాగ్రత్త మనిషే కావాలి. పని అయ్యేదాకా వాడుకుని, అయ్యాక మెడ మీద కాగితం అంటిస్తారట. నేను గిన్నె పక్కకి తోసి లేచాను.

“తొమో, కిందికి రా.”

“ఇప్పుడా? అన్నం...”

“అన్నం ఎక్కడికీ పోదు. నువ్వు అక్కడ ఏం చేస్తావో ఇక్కడ నా ముందు చెయ్యి. ఒక్క వేలు తేడా రాకూడదు.”

కింద ఆఫీసులో నా మెషీను ముందు కూర్చోబెట్టాను. చదవడానికి నా కాగితం తీశాను. తొమొహారు తన సంచీలోంచి ఇంకో కాగితం తీసి ఇచ్చాడు.

“ఇది కాదు, అక్కడ చదివేది ఇదీ.”

చూస్తే నేను రాసిందే, కానీ మధ్యమధ్యలో కొత్త వరుసలు దూరాయి. మురోతా గారి మనుషులు చేర్చినవి. ‘ఫోటో తీయాలి.’ ‘ఫోటో తీయాలి.’ ‘ఫోటో తీయాలి.’ పని జరిగినట్టు రుజువుగా తెరని ఫోటో తీసి కాగితాల్లో అతికించడం మా వృత్తిలో ఉన్నదే. ఒక పనికి రెండో మూడో తీస్తాం. ఇక్కడ ఒక్క మెషీను లేవడానికి ఇరవై ఎనిమిది ఉన్నాయి.

“ఇన్నా?”

“ఆయన అంతే. ఫోటో లేని పని చెయ్యని పనేనంటారు. లేచినప్పటి అక్షరాలన్నీ మెషీనే ఒక ఫైల్లో రాసుకుంటుందండీ, అది చాలదా అని అడిగా. రాతని మార్చొచ్చు, ఫోటోని మార్చలేం అన్నారు.”

నేను చదివాను. తొమొహారు తిరిగి చెప్పి, వేలు చూపించి, “సరే!” అని అరిచి నొక్కాడు. అక్షరాలు పరుగందుకున్నాయి. ముప్పై ఒకటో వరుస: ‘తెరని ఆపి ఫోటో తీయాలి.’ తొమొహారు రెండు మీటలు కలిపి నొక్కాడు. తెర టక్కున ఆగింది. ఫోటో తీశాడు. తీసినదాన్ని తెరిచి, మూల నుంచి మూలకి చూసి, గడియారం పడిందో లేదో చూసి, పేరు పెట్టి, దాచి, దాచినదాన్ని మళ్ళీ తెరిచి చూశాడు.

“ఆగు. ఇప్పుడు నొక్కింది ఏంటి?”

“ఫోటో కోసం ఆపాను. లేకపోతే అక్షరాలు పారిపోతాయి కదా.”

“ఏది ఆపావు, మెషీన్నా?”

“కాదు, తెరని.” వదిలే మీటలు నొక్కాడు. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. కదల్లేదు.

ఇద్దరం దాని వంక చూస్తూ కూర్చున్నాం. నా ఆఫీసులో, నా మెషీను, నలభైసార్లు నిక్షేపంలా లేచిన మెషీను, నలభై ఒకటోసారి కట్టెలా బిగుసుకుపోయింది.

వడ్ల గింజలో బియ్యపు గింజ. పాత ఇనప మెషీన్లలో తెరని ఆపితే తెర ఒక్కటే ఆగేది, వెనక మెషీను తన దారిన తను పోయేది. ఈ కొత్తవాటిని మేము చూసే పద్ధతి వేరు. అవి లేస్తూ చెప్పే మాటలు ఒక గొట్టంలోంచి మా తెర మీదకి వస్తాయి. గొట్టం మూస్తే, తన మాట అవతలివాళ్ళు అందుకునేదాకా మెషీను నోరు తెరుచుకుని అక్కడే నిలబడుతుంది. మూడు సెకన్లయితే పరవాలేదు. ఇరవై సెకన్లు నిలబడితే, లేచాక అది పలకరించాల్సిన పక్క మెషీను విసిగిపోయి తలుపు వేసుకుంటుంది. ఆ తర్వాత గొట్టం తెరిచినా లాభం లేదు, మూసిన తలుపు ముందు ఇది అలాగే పడి ఉంటుంది.

మెషీన్లు ఫైల్లో రాసుకున్నదీ, తీసిన ఫోటోలూ మొత్తం మా దగ్గరే ఉన్నాయి. ప్రతి ఫోటో పక్కనా సెకన్లతో సహా టైము పడుతుంది. నేను నాలుగు గురువారాల ఫోటోలూ వరుసలో పెట్టాను. పెద్ద కంపెనీ మనుషులు ముగ్గురూ, వాళ్ళ చేతిలో ఆగిన ఆ రెండుసార్లు తప్ప, మూడు నాలుగు సెకన్లలో ఫోటో కొట్టి వదిలేశారు. సగం ఫోటోల్లో అక్షరాలు తెగిపోయాయి, రెండింటిలో గడియారమే లేదు. తొమొహారు ఫోటోలన్నీ అద్దంలా ఉన్నాయి. ఒక్కోదానికి పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు సెకన్లు. ప్రతి మెషీనూ ఆగింది ఇరవై దాకా వెళ్ళిన ఆఖరి ఫోటోలో ఉన్న వరుస దగ్గరే. ఆగింది కాబట్టి ఆ వరుస ఫోటోలో ఉంది అని నెల రోజులు అందరం అనుకున్నాం. అది ఫోటోలో ఉంది కాబట్టే ఆగింది.

తొమొహారు ఆ అంకెల మీద వేలు పెట్టి కిందిదాకా చదివాడు.

“అంటే వాళ్ళలా బద్ధకంగా చేసుంటే...” అని ఆగిపోయాడు.

“నీ పేరు కాగితం మీదకి వచ్చేది కాదు.”

అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. జాగ్రత్త అనే మాట మీద బతికే దేశంలో, అందరికంటే జాగ్రత్తగా చేసినందుకు ఒక మనిషికి అజాగ్రత్త అని పేరు పెట్టారు!

సోమవారం ఆసుపత్రి నేలమాళిగలో మురోతా గారి ముందు కూర్చున్నాం, మామగారు, తొమొహారు, నేను. మురోతాకి యాభై ఉంటాయి. గొంతు ఎప్పుడూ పెంచడు. నేను రాసిన నాలుగు పేజీలూ శ్రద్ధగా చదివాడు. మధ్యలో రెండుసార్లు “ఆహా” అన్నాడు. అప్పటికి నాకు కాస్త ఆశ పుట్టిన మాట నిజం.

“చాలా మంచి పరిశోధనండీ,” అన్నాడు. “మా కుర్రాళ్ళకి కూడా చూపిస్తాను. ఇప్పుడు మూలకారణం స్పష్టంగా తేలింది.” పెన్సిలు తీసి ఐదు గళ్ళ కాగితంలో మొదటి గడి చెరిపి, పైన రాశాడు. తిప్పి మాకు చూపించాడు. ‘ఆపరేటరు అవసరానికి మించి ఎక్కువసేపు ఆపడం వల్ల.’

“ఎంతసేపు ఆపాలో మీ కాగితంలో ఎక్కడుందండీ?” అన్నాను.

“అది అనుభవంతో తెలియాలి కదండీ.”

“ఆపమన్నదే మీరు కదండీ! ఇరవై ఎనిమిదిసార్లు ఆపమని రాసింది మీ మనుషులు. నేను రాసిన కాగితంలో ఒక్కటీ లేదు.”

బల్ల కింద మామగారి చెయ్యి నా మోచేతిని నొక్కింది.

“ఆ పద్ధతిని ఆసుపత్రి వారు ఆమోదించారండీ,” అన్నాడు మురోతా, పసిపిల్లకి చెప్పినట్టు. “ఆమోదించిన పద్ధతి కారణం కాజాలదు. గురువారం నుంచి మరింత పటిష్ఠం చేద్దాం. ప్రతి ఫోటో రెండుసార్లు. మీ సంస్థ నుంచి ఇంకొకరు వచ్చి చదివితే మంచిది, మీరే రండి. ఆఖరి మెషీను అయ్యాక ఇసొబె గారు ముద్ర వేస్తారు.” కాగితం మీద చివరి గడి దగ్గర పెన్సిలు ఆగింది. “ఇది ఇలాగే ఉంచుదాం. సహజంగా ఉంది.”

ఆ చివరి గడిలో ఉన్నది నేను. అతను నా మొహం చూసే ఆ మాట అన్నాడు.

మామగారు లేచి నడుం దాకా వంగారు. తొమొహారు వంగాడు. నేనూ వంగాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ వంగాను. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాం. ఇతను మద్దెల చేతే నేనే ఓడు అని రాయించుకుని ముద్ర వేయించుకునే రకం.

ఇంటికొచ్చే దారిలో కారులో నేను కడుపులో ఉన్నదంతా కక్కాను. మామగారు వైపర్ల వంక చూస్తూ అంతా విన్నారు.

“నలభై ఏళ్ళుగా వంగుతున్నానమ్మాయ్,” అన్నారు చివరికి. “వంగితే నడుం నొప్పి. వంగకపోతే తొమ్మిది ఇళ్ళకి నొప్పి. నువ్వే చెప్పు ఏం చెయ్యమంటావో.”

 

గురువారం పొద్దున ఐదున్నర. ఆఖరి మెషీను, రోగుల నంబర్లది. తొమొహారు మీటల ముందు కూర్చున్నాడు. నేను పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డాను. వెనక మురోతా, అతని మనిషి ఒకడు. పాత సర్వరులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి చేరేసరికి ఏడు దాటింది. నేను చదివాను. తొమొహారు తిరిగి చెప్పాడు, వేలు చూపించాడు, “సరే!” అన్నాడు. ముప్పయ్యో వరుసలో మెషీన్ని లేపాడు. అక్షరాలు పరుగందుకున్నాయి.

“ముప్పై ఒకటి. తెరని ఆపి ఫోటో తీయాలి.”

తొమొహారు తిరిగి చెప్పలేదు. రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వినపడకపోతే మూడుసార్లు చదవాలని నియమం. నేను రెండోసారి చదివాను. అక్షరాలు డిస్కులు దాటాయి. మూడోసారి చదివాను. నెట్‌వర్క్ దాటింది, గడియారం దాటింది.

“ఇసొబె గారూ,” అన్నాడు మురోతా. “ముప్పై ఒకటి.”

తొమొహారు కదల్లేదు. తెర మీద పరుగు నెమ్మదించింది, ఒక గీత వెలిగి ఆరి వెలిగింది. పేరు చెప్పమని అడుగుతోంది. నిమిషం యాభై సెకన్లు. తొమొహారు కుడిచెయ్యి తీసి ఆ గీతకి వేలు చూపించి, “సరే!” అన్నాడు.

“ఫోటోలు?” అన్నాడు మురోతా.

“లేవండీ.”

“అయితే లేచినట్టు రుజువేది?”

తొమొహారు అతని వంక, తెర వంక చూశాడు. సరిగ్గా అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. మురోతా ఎత్తాడు. అవతల నంబర్లిచ్చే ఆవిడ గొంతు నాకు కూడా వినపడింది. “ఇవాళ ముందే వచ్చేసిందే! బయట జనం తడుస్తున్నారు, నంబర్లు ఇచ్చేయమంటారా?”

“కాసేపు ఆగండమ్మా. ఇంకా నిర్ధారించలేదు,” అని పెట్టేశాడు. మా వైపు తిరిగాడు. “మెషీను ఆపేయండి. మొదటి వరుస నుంచి మళ్ళీ, ఫోటోలతో.”

నేను పొరపాటుగా విన్నాననుకున్నాను. లేచి నిలబడి పనికి సిద్ధంగా ఉన్న మెషీన్ని, అది లేవలేదని చంపి, మళ్ళీ లేపమంటున్నాడు. తొమొహారు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బట్టలు సర్దుకుని, మర్యాదగా వంగి, “నా వల్ల కాదండీ” అన్నాడు. మురోతా మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మేము తలుపు మూసే లోపలే మెషీను ఆగిపోయి తెర నల్లబడడం నాకు కనపడింది.

పైకి వచ్చాం. గేటు దగ్గర ముప్పై నలభై గొడుగులు. ఒక ముసలాయన, ఏమీ తినలేదేమో, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మా మెడలో పాసులు చూసి అడిగాడు.

“ఇవాళ కూడా మెషీను చెడిందా నాయనా?”

“లేదు తాతగారూ,” అన్నాడు తొమొహారు. “మెషీను బాగానే ఉంది.”

ఆ రోజు తలుపులు తెరిచింది పదీ పదికి. రెండు ఫోటోల నియమం ప్రకారం వాళ్ళ మనిషి కూడా ఇరవై సెకన్లు ఆపాడు మరి.

మర్నాడే కాగితం వచ్చింది. ముద్ర అడిగిన పాతది కాదు, కొత్త ఐదు గళ్ళు. జరిగిన ప్రమాదం అన్నచోట ఇలా ఉంది: ‘రుజువు లేకుండా మెషీను లేచింది.’ అంతకుముందు గురువారాల్లో మెషీన్లు ఆగినందుకు కారణం అడిగారు. ఇప్పుడు లేచినందుకు అడుగుతున్నారు. ఎందుకు లేచింది? అని మొదటి ప్రశ్న. ఈసారి జవాబులు వాళ్ళు నింపలేదు. స్వదస్తూరీతో రాయమన్నారు.

తొమొహారు కింద ఆఫీసులో కూర్చుని ఐదు నిమిషాల్లో రాసి, తన ముద్ర వేసి, సంస్థ ముద్ర కోసం తండ్రి బల్ల మీద పెట్టాడు. మొదటి గడిలో ఒక్క ముక్కే ఉంది. ‘ఎవరూ ఆపలేదు కాబట్టి.’

మామగారు కళ్ళజోడు తుడుచుకుని చదివారు.

“మిగతా నాలుగూ?”

“వాటితో పని లేదు నాన్నా.”

ఆఫీసు వేళలో, ఏడుగురు ఉద్యోగుల ముందు, అతను ఆయన్ని నాన్నా అన్నాడు. ఆయన పలికారు. “ఊఁ” అన్నారు. సొరుగు తెరిచి సంస్థ ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, వేశారు. మడిచి కవరులో పెట్టమని నాకు ఇచ్చారు.

ఆ కవరుతో ఏం పోయిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ కోపమే. ఆగస్టుకి పెద్ద కంపెనీ పనులన్నీ ఆగిపోయాయి. నవంబరుకి తొమ్మిదిమందిలో ఐదుగురు వేరే చోట్లకి వెళ్ళిపోయారు. మేము పై ఇల్లు అద్దెకిచ్చి ఆఫీసు వెనక గదుల్లోకి మారాం. మురోతా పద్ధతి మాత్రం అచ్చుపుస్తకంగా వచ్చిందట, అతనికి హోదా పెరిగిందట. అక్కడ ఇప్పటికీ ఫోటోలు తీస్తూనే ఉన్నారు.

కానీ కవరు అందిన రోజు సాయంత్రం ఫోను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మామగారు ఎత్తారు. మురోతా అని పేరు వినగానే ఆఫీసులో అందరం పని ఆపేశాం. పెద్దవాళ్ళతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి, అవతలివాళ్ళు చూస్తున్నట్టే గోడకి వంగి వంగి దణ్ణాలు పెడతారు. అప్పటిదాకా, నేను కాపురానికొచ్చిన పద్నాలుగేళ్ళలో, అది తప్పగా చూడలేదు.

“అవునండీ, అందింది కదా... అవునండీ, నాలుగు గళ్ళు ఖాళీగానే ఉన్నాయి,” అన్నారు. అవతల మాటలు చాలాసేపు సాగాయి. ఆయన రెండో చేత్తో బల్ల మీద ఉన్న టీ కప్పు దగ్గరకి లాక్కున్నారు. “లేదండీ. మర్చిపోయి కాదు. అంతకంటే ఎందుకులు లేవండీ.”

మాట్లాడినంతసేపూ ఆయన కూర్చునే ఉన్నారు.